పిచ్చుకని ఫెయిల్ చేసింది నేనే

ఈ మాట ఇప్పటిదాకా నలుగురిలో అనలేదు. నా షాపులో పనిచేసే పిల్లలకి తెలియదు. మా ఆయనకి సగమే తెలుసు. ముప్పై ఏళ్లుగా ఆడవాళ్లకి జుట్టు కత్తిరించి బతుకుతున్నదాన్ని. నా నోరు మంచిది కాదని మా వీధి వీధంతా చెప్తుంది. ఎవరైనా ఇంట్లో అద్దం ముందు నిలబడి సొంత ప్రయోగాలు చేసుకుని, కుచ్చులు కుచ్చులుగా కోసుకుని వస్తే, ముందు నాలుగు చివాట్లు పెట్టి ఆ తర్వాతే కుర్చీలో కూర్చోబెడతాను. అలాంటి దాన్ని ఒక్క మనిషి విషయంలో ఐదేళ్లు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఆ మనిషి సంగతి చెప్తాను. మధ్యలో నా సంగతీ వస్తుంది, తప్పదు.

పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. మొదటిసారి నా షాపు గడప తొక్కినప్పుడు దానికి ఇరవై రెండేళ్లు ఉంటాయి. బక్కపలచని మనిషి, నడక గెంతుతున్నట్టు ఉండేది. చంకలో రెండేళ్ల ఆడపిల్ల. మొగుడున్నాడా అంటే ఉన్నాడు, ఎక్కడున్నాడో ఆయనకే తెలియాలి. కింద పడ్డ జుట్టు ఊడవడానికి, తువ్వాళ్లు ఉతకడానికి మనిషి కావాలని తలుపు మీద కాగితం అంటించాను. అది చూసి వచ్చింది. పిల్లని ఎక్కడ పెడతావే అని అడిగితే, తువ్వాళ్ల బుట్ట వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల నిజంగానే ఏడాదిన్నర పాటు మధ్యాహ్నం నిద్రంతా ఆ బుట్టలోనే పోయింది.

పనిలో దానికి ఒక పిచ్చి అలవాటు ఉండేది. పని సగంలో ఉండగానే "అయిపోయిందక్కా" అనేసేది. అయిపోకపోయినా సరే. ఎందుకలా అంటావే అని గదిమితే, అలా అంటే చేతులు భయపడి తొందరగా కదుల్తాయి అనేది. కూర్చుని అన్నం తినడం నేనెప్పుడూ చూడలేదు. కిటికీ దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగి, గిన్నె కడిగి, మళ్లీ చీపురు పట్టుకునేది. నవ్వొస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ నవ్వు చూసి కస్టమర్లు కూడా నవ్వేవాళ్లు, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే.

ఊడుస్తూ ఊడుస్తూ అది నా పని దొంగిలిస్తోందని నాకు మూడేళ్లకి గానీ తెలియలేదు. ఒకరోజు నా మణికట్టు వాచి కత్తెర పట్టలేకపోయాను. కుర్చీలో మనిషి సగం జుట్టుతో కూర్చుని ఉంది. "నేను పూర్తి చెయ్యనా అక్కా" అంది. నాకు ఒళ్లు మండింది గానీ వేరే దారి లేదు. కత్తెర ఇస్తే ఎడమ చేత్తో అందుకుంది. నువ్వు ఎడమచేతి వాటం కాదు కదే అన్నాను. మూడేళ్లుగా నా చేతుల్ని అద్దంలోనే చూస్తూ వచ్చింది కాబట్టి, కత్తెర ఎడమ చేత్తోనే పట్టాలి కాబోలనుకుందట. షాపంతా పగలబడి నవ్వాం. చెయ్యి మార్చుకుని కత్తిరించింది. ఆ జుట్టు చూశాక మాత్రం ఎవరూ నవ్వలేదు.

అప్పుడు కూర్చోబెట్టి నేర్పాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనసు పెట్టి నేర్పాను. నాకు నేర్పినావిడ నాకు చెప్పిన మొదటి పాఠమే దానికీ చెప్పాను. దువ్వెన పెట్టేముందు పది వేళ్లూ జుట్టులోకి పోనిచ్చి, కళ్లు మూసుకోవాలి. సుడి ఎక్కడుంది, పాత దెబ్బ మచ్చ ఎక్కడుంది, ఎక్కడ పలచబడింది, జుట్టు ఏ పక్కకి పడుకుంటుంది, ఇవన్నీ వేళ్లకి తగుల్తాయి. దువ్వెన వీటిల్లో సగం దాచేస్తుంది. పిచ్చుక వేళ్లు నాకన్నా చురుకు. ఒకావిడ తల తడిమి, "మీకు ఈమధ్య జ్వరం వచ్చి తగ్గిందా అమ్మా" అని అడిగింది. నిజమే, వచ్చి తగ్గిందట. జుట్టు మొదళ్ల దగ్గర తేడా తెలిసిందట దీనికి. ఊడ్చిన మూడేళ్లూ కలిపి మొత్తం ఎనిమిదేళ్లు నా దగ్గర పనిచేసింది.

ఇంతలో ఇంకో షాపులో ఒక ఘోరం జరిగింది. జుట్టు సాఫీగా చేసే మందు ఒక కాలేజీ పిల్ల తలకి రాసి, టైము మర్చిపోయి, తల చర్మం కాలిపోయేదాకా ఉంచేశారు. అందరూ తిట్టారు, తిట్టాల్సిందే. ప్రభుత్వం మా షాపు యజమానుల సంఘాన్ని పిలిచి ఈ పనికి నిబంధనలు రాసిమ్మంది. ఆరుగురం నా షాపులోనే కూర్చుని రాశాం. మందుల అధ్యాయం జాగ్రత్తగా రాశాం, అందులో నాకు ఏ సిగ్గూ లేదు. ఆ తర్వాత మా సంఘం పెద్దాయన కత్తెర పని కూడా ఇందులో కలిపేద్దాం అన్నాడు. ఇంటింటికీ తిరిగి కత్తిరించేవాళ్లు ఎక్కువైపోయారు, మన పొట్ట కొడుతున్నారు అన్నాడు. ఆ మాట కాగితం మీదికి రాలేదు. కాగితం మీద "వినియోగదారుల భద్రత కోసం" అని పడింది. నేను తలూపాను.

కత్తెర పనికి ఏం నిబంధనలు రాయాలో ఎవరికీ తోచలేదు. కత్తెర కడగాలి, దువ్వెన కడగాలి, ఒంటికి కప్పే బట్ట మార్చాలి. అంతకుమించి ఏముంది? అధ్యాయం మరీ పలచగా ఉందని మందుల అధ్యాయంలోని వాక్యాలే తెచ్చి ఇక్కడ దింపేశాం. అందులో ఒకటి: "దువ్వెనతో జుట్టును నాలుగు పాయలు చేసేవరకు చేతివేళ్లతో తల తాకరాదు." మందు రాసేటప్పుడు దానికి అర్థం ఉంది. గోరు గీసుకున్న చోట మందు పడితే మంట పుడుతుంది. వట్టి కత్తెరకి ఆ గొడవే లేదు. ఆ వాక్యం చదివి నేనే పకపకా నవ్వాను. ఎవడు చూడొచ్చాడులే అని వదిలేశాను.

నిబంధన అమల్లోకి వచ్చింది. కత్తెర పట్టాలంటే గుర్తింపు ఉన్న బడిలో వెయ్యి గంటలు చదవాలి, అదీ పగటిపూటే. తర్వాత పరీక్ష. పదేళ్లకి పైగా షాపు నడుపుతున్న యజమానులకి మాత్రం చదువూ వద్దు, పరీక్షా వద్దు, నేరుగా లైసెన్సే. ఆ వెయ్యి గంటల్లో ఒక్క గంట కూడా నేను బెంచీ మీద కూర్చోలేదు. అయినా నా లైసెన్సుకి అద్దం వేయించి గోడకి తగిలించాను, ఎంతో కష్టపడి సంపాదించినట్టు.

కాగితం పిచ్చుకకి చదివి వినిపించాను. "అయితే రేపట్నుంచి నేను కత్తెర ముట్టకూడదా అక్కా" అని అడిగింది. ముట్టకూడదు అన్నాను. ఊడవచ్చు, తలకి నీళ్లు పోయొచ్చు, అంతే. నీకేం భయం లేదే, పని తీసెయ్యనులే అని పెద్ద దయగల తల్లిలా భుజం తట్టాను.

అది ఊడవడానికి ఉండిపోతుందనుకున్నాను. ఉండలేదు. నెల తిరక్కుండానే వచ్చి, వెళ్లొస్తానక్కా అంది. తెల్లవారకముందే లేచి రెండు ఆఫీసుల్లో గదులు తుడవడానికి ఒప్పుకుంది. తొమ్మిదింటికి అది అయిపోతే పదింటి నుంచి రెండింటిదాకా బడి. మూడింటికి కూతురు స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండాలి. అలా రోజుకి నాలుగేసి గంటలు, సెలవులు పోగా, ఆఫీసువాళ్లు అదనంగా పని చెప్పిన రోజులు పోగా, వెయ్యి గంటలు కావడానికి రెండేళ్లు పట్టింది. బడిలో దానికి కత్తెర ఎలా పట్టుకోవాలో నేర్పిన పంతులమ్మ దానికన్నా నాలుగేళ్లు చిన్నది. ఆ పంతులమ్మ జుట్టు కత్తిరించేది కూడా మన పిచ్చుకేనని తర్వాత తెలిసింది.

మధ్యలో అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వచ్చేది. తన ఆలోచన అంతా చెప్పుకునేది. ఇంట్లో ముందు గదిలో ఒక కుర్చీ, ఒక అద్దం. పొద్దున పూట మంచం దిగలేనివాళ్ల ఇళ్లకి తానే వెళ్తుంది. కాళ్లు విరిగినవాళ్లు, పచ్చి బాలింతలు, ముసలివాళ్లు, అలాంటివాళ్ల జుట్టు గురించి పట్టించుకునే షాపు ఎక్కడుంది అనేది. కూతురు వచ్చే వేళకి ఇల్లు చేరుతుంది. ఒంటరి ఆడవాళ్లకి ఏవో సాయాలు ఇస్తున్నారు, దరఖాస్తు పెట్టుకోవే అని నేను పెద్దమనిషి సలహా ఒకటి పారేశాను. అప్పుడు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నాకు ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదక్కా. నన్ను ఆపకుండా ఉంటే చాలు."

షాపు ఎక్కడ పెడతావే అని అడిగాను. "మీ వెనక వీధిలోనే అక్కా. మీకు ఏ అవసరం వచ్చినా ఒక్క పరుగులో వచ్చేస్తా" అంది, ఆ తువ్వాలు నవ్వు నవ్వుతూ. అది నాకు వరమిస్తున్నట్టు చెప్పింది. నాకు మాత్రం నా కుర్చీలు ఖాళీ అయిపోయినట్టు కనిపించింది. అప్పటికే నా పాత కస్టమర్లు ఇద్దరు ముగ్గురు కుర్చీలో కూర్చుంటూ, ఆ చిన్నమ్మాయి ఎప్పుడొస్తుంది, దానికి లైసెన్సు రాగానే చెప్పండేం అని నన్నే అడుగుతున్నారు. నా కత్తెర కింద మెడ పెట్టుకుని నన్నే అడుగుతున్నారు. దాని బదులు నేను తెచ్చుకున్న పిల్ల వెయ్యి గంటలు పూర్తిగా చదివిన పిల్ల. మొదటి వారంలోనే ఒకావిడ చెవికి కత్తెరతో గాటు పెట్టింది.

పరీక్ష రోజు వచ్చింది. బడి హాల్లో వరసగా కుర్చీలు వేశారు. పరీక్ష పెట్టేది మా సంఘంవాళ్లమే. మూడో వరస నాకు వచ్చింది, అందులో ఐదో కుర్చీ పిచ్చుకది. నన్ను చూడగానే దాని ముఖం వెలిగిపోయింది. నేను కావాలని అడిగి ఆ వరస తీసుకోలేదు. మార్చమని అడగనూ లేదు.

ఒక్కొక్కరూ ఒక మనిషిని వెంట తెచ్చుకోవాలి. పిచ్చుక పక్కింటి మామ్మని తెచ్చుకుంది. మామ్మ తల వెనక పాత ఆపరేషన్ మచ్చ ఉంది, ఆ చోట జుట్టు మొలవదు. బట్ట కప్పి, చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి, పిచ్చుక ఎప్పటిలాగే పది వేళ్లూ మామ్మ జుట్టులోకి పోనిచ్చి కళ్లు మూసుకుంది. నేను నేర్పినట్టే. అక్షరం పొల్లుపోకుండా నేర్పినట్టే. తర్వాత దువ్వెన తీసింది, పాయలు చేసింది, కత్తిరించింది. మచ్చ మీదికి వచ్చేచోట జుట్టు ఒక పొర పొడుగ్గా వదిలి, దాని కింద ఇంకో పొర ఆనించి, ఎంత వంగి చూసినా మచ్చ కనపడకుండా చేసింది. మామ్మకి అద్దం చూపిస్తే ముసలావిడ తల వెనక చెయ్యి పెట్టుకుని అలా ఉండిపోయింది. ఎన్నో ఏళ్లుగా తలకి గుడ్డ కట్టుకోకుండా బయటికి రాని మనిషి ఆవిడ.

నా చేతిలో పరీక్ష కాగితం ఉంది. శుభ్రత, పద్ధతి, పనితనం, అలా గళ్లు. శుభ్రత గడిలో సున్నా పడితే మిగతావి ఎంత బాగున్నా ఫెయిలే. మేం నవ్వుకున్న ఆ వాక్యం ఆ గడిలోకే వస్తుంది. ఆ వరసలో ఇంకో ముగ్గురు పిల్లలు కూడా ముందు వేళ్లతోనే తల తాకారు. ఆ ముగ్గురికీ నేను సున్నా వెయ్యలేదు. పిచ్చుకకి వేశాను.

నా చెయ్యి వణికిందని చెప్తే కాస్త పరువు దక్కేది. వణకలేదు. నా వెనక వీధి గుర్తొచ్చింది, నా కుర్చీలో కూర్చుని దాని గురించి అడిగినవాళ్లు గుర్తొచ్చారు, సున్నా చుట్టాను, కింద సంతకం పెట్టాను.

సాయంత్రం గోడకి జాబితా అంటించారు. అందులో పాసా ఫెయిలా అనే తప్ప ఎందుకు అనేది ఉండదు. పిచ్చుక రెండుసార్లు చదువుకుని, మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది. ఏడవలేదు. ఎక్కడ తప్పు చేశానక్కా అని అడిగింది. నిజం చెప్తే, మీరు నేర్పిందే కదా అంటుంది. ఆ మాట నేను వినలేను. అందుకని ఏం చెప్పానో చూడండి.

"నీ చెయ్యి పోయిందే. రెండేళ్లు సరిగ్గా కత్తెర పట్టలేదు కదా, మొద్దుబారింది. పనిలో మునుపటి జీవం లేదు" అన్నాను.

అది తన చేతుల వంక చూసుకుంది. నిదానంగా, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత, "మీరు కాబట్టి నిజం చెప్పారక్కా. ఇంకొకరైతే మొహమాటానికి ఏదో అనేవాళ్లు" అంది. మామ్మని జాగ్రత్తగా మెట్లు దింపుకుని వెళ్లిపోయింది.

మళ్లీ పరీక్ష రాయాలంటే ఇంకో రెండు వందల గంటలు చదవాలి. అది చదవలేదు. గంటల కోసం కాదని నాకు తెలుసు. వెయ్యి గంటలు చదివిన మనిషికి రెండు వందలు ఒక లెక్కా? చెయ్యే పోయిందని నమ్మిన మనిషి ఎందుకు చదువుతుంది? ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట చేరిందని ఎవరో చెప్పారు. పెద్ద పెద్ద యంత్రాల్లోంచి వేడి వేడి దుప్పట్లు లాగి మడతపెట్టే పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కూతురు స్కూలు నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండాలన్న ముచ్చట అక్కడితో సరి.

ఒకసారి బస్సు స్టాపులో కనిపించింది. దూరం నుంచే చెయ్యి ఊపింది. నేను చూడనట్టు రోడ్డు దాటేశాను. నడుస్తూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. తిట్టుకుని ఏం లాభం? వెనక్కి తిరిగి మాత్రం వెళ్లలేదు.

ఆ పరీక్ష జరిగిన ఐదేళ్లకి నిబంధన మీద మళ్లీ విచారణ పెట్టారు. పెట్టించింది ఒక శాసనసభ సభ్యురాలు. జనం బతుకుతెరువుకి ప్రభుత్వం ఎంత తక్కువ అడ్డం పడితే వాళ్లు అంత త్వరగా పైకొస్తారనే పార్టీ మనిషి. నాకు ఆ పార్టీ పడదు, ఇప్పటికీ పడదు. షాపులో రేడియోలో ఆవిడ గొంతు వినిపిస్తే కట్టేసేదాన్ని. పనిచేసుకునే ఆడదానికి దానాలు కాదు కావాల్సింది, తలుపుకి అడ్డంగా పెట్టిన బండ తియ్యండి అని ఆవిడ ఊరూరా చెప్తోంది. మందుల పనికి లైసెన్సు ఉంచి, వట్టి కత్తెర పనికి తీసేసి, శుభ్రత గురించి ఒక్క పూట తరగతి పెడితే చాలని ఆవిడ వాదన. దాన్ని ఎదిరించడానికి సంఘం నన్ను పంపింది. నోరున్నది కదా, పంపండి అన్నారట.

పెద్ద హాలు, పొడుగు బల్ల, ముందు మైకు. సంఘం రాసిచ్చిన కాగితం గట్టిగా చదివాను. భద్రత, ప్రమాణాలు, వృత్తి గౌరవం. ఆవిడ నా మాట పూర్తయ్యేదాకా ఆగి, మెత్తగా అడగడం మొదలుపెట్టింది. మీరు ఎన్ని గంటలు చదివారమ్మా అంది. మాకు మినహాయింపు ఉందండీ అన్నాను. ఈ నిబంధన వచ్చాక వట్టి కత్తెర పని వల్ల ఎవరికైనా దెబ్బ తగిలిందని మీ సంఘానికి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి అంది. ఒక చెవి, అదీ మా షాపులోనే. అది చెప్పలేక ఏమీ రాలేదన్నాను. ఆవిడ పుస్తకం తెరిచి, వేళ్లతో తల తాకరాదన్న ఆ వాక్యం చదివి, కత్తెర పనిలో ఇది దేనికి పెట్టారో కాస్త వివరిస్తారా అని అడిగింది.

 హాల్లో వెనక ఎవరో దగ్గారు. పొరపాటున పడిందండీ అన్నాను చివరికి.

"ఈ పొరపాటు వల్ల ఎవరైనా ఫెయిల్ అయ్యారా?"

"గుర్తులేదండీ" అన్నాను.

అదీ మైకులో అన్నాను, రికార్డయింది. బయటికొచ్చాక మా పెద్దాయన, బాగా తట్టుకున్నావు అని మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకోలు విని నాకు తల కొట్టేసినట్టయింది. మొదటి అబద్ధం ఈర్ష్యతో ఆడాను అనుకుంటే, ఈ రెండోది పిరికితనంతో ఆడాను. ఈసారి నాకు పోటీకి వచ్చినవాళ్లు కూడా ఎవరూ లేరు.

నాలుగు నెలలకి నిబంధన సడలించారు, వట్టి కత్తెర పనికి లైసెన్సు అక్కర్లేదన్నారు. నాకు పడని ఆ పార్టీ మనిషే నేను వేసిన ముడి విప్పింది. నేను మాత్రం ఆ వారమంతా పిచ్చుక ఇంటి చిరునామా పట్టుకుని తిరిగాను, ప్రతిసారీ సగం దారిలోంచే వెనక్కి వచ్చేశాను. ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను.

మూడో అంతస్తు, రెండు గదులు. ముందు గదిలో అది కుర్చీ వేస్తానన్న చోట ఇస్త్రీ బల్ల ఉంది. నన్ను చూసి పిచ్చుక గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టేసుకుంది. దాని అరచేతులు వేడికి కమిలి గరుకెక్కి ఉన్నాయి. ఇన్నేళ్లకి వచ్చారు అక్కా, ఇటు కూర్చోండి, మంచినీళ్లు తాగండి, ఇలా ఒక్క క్షణం నిలవనివ్వలేదు. లోపలి గదిలో బల్ల దగ్గర పదిహేడేళ్ల అమ్మాయి తల వంచుకుని చదువుకుంటోంది. నా తువ్వాళ్ల బుట్టలో నిద్రపోయిన పిల్ల. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

సంగతి చెప్పాను. నిబంధన తీసేశారే, ఇక ఎవరూ నిన్ను ఆపరు, రేపే మొదలుపెట్టుకోవచ్చు అన్నాను. దాని ముఖంలో సంతోషం కనిపించింది గానీ అది దాని కోసం కాదు. మంచి పని చేశారక్కా, పాపం ఎంతమంది పిల్లలు బాగుపడతారో అంది. నువ్వో అన్నాను.

"నాకెందుకక్కా. నా చెయ్యి పోయింది కదా, మీరే చెప్పారుగా" అంది, ఏ దెప్పిపొడుపూ లేకుండా.

అప్పుడు చెప్పాను. ఏ వాక్యం పట్టుకుని సున్నా వేశానో, అది ఎలా రాశామో, మిగతా ముగ్గురిని ఎలా వదిలేశానో, వెనక వీధి అనగానే నాకు ఏమైందో, మెట్ల దగ్గర చెప్పింది పచ్చి అబద్ధమనీ, విచారణలో గుర్తులేదన్నాననీ, అన్నీ చెప్పాను. చెప్తున్నంతసేపూ మంచినీళ్ల గ్లాసు వంకే చూశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. చేతిలో ఉన్న గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"అయితే ఆ రోజు నా పని బాగానే ఉందా అక్కా?" అని అడిగింది.

ఐదేళ్ల బతుకు పాడు చేసినదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అది అడిగింది ఇదొక్కటే. నాకు ఏడుపు ఆగలేదు. నేను చేసినా అంత బాగా వచ్చేది కాదే, నాకు నేర్పినావిడ చేసినా వచ్చేది కాదు అన్నాను.

 పిచ్చుక లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది. అమ్మాయి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నాకు చెప్పింది దీనికీ చెప్పండక్కా. ఇది కూడా వినాలి" అంది పిచ్చుక.

గ్లాసు పక్కన పెట్టి, ఈసారి ఆ పిల్ల ముఖంలోకి చూశాను. చెప్పాను. మీ అమ్మ పని చాలా మంచిది, ఆ రోజు తప్పు చేసింది నేను, మీ అమ్మ కాదు అన్నాను. అమ్మాయి విన్నది.  తల్లి వంక చూస్తూనే నాతో మాట్లాడింది.

"పెద్దమ్మా, అమ్మ ఆ రోజు నుంచీ నా జుట్టు కూడా ముట్టుకోలేదు. నీ తల పాడుచేస్తానే, నా చెయ్యి మంచిది కాదు అని ప్రతిసారీ బయటికే పంపేది. అమ్మకి నేనంటే ఇష్టం లేదేమో అనుకునేదాన్ని, చిన్నప్పుడు."

తప్పు చేసింది తనే అన్నట్టు పిచ్చుక తల దించుకుంది.